నేను నింపిన ఫారం

ఇరవై ఆరేళ్ళుగా రోగులను చూస్తున్న దాన్ని. అలాంటిది, రోగితో ఎలా మాట్లాడాలో నేర్పిస్తామని పై ఆఫీసు నుంచి కాగితం వస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే కదా. ఆ కాగితాన్ని మా నర్సు ముందు పడేసి, "చూడండి సిస్టర్, ఇక నుంచి నేను ఏం అడగాలో, ఎలా అడగాలో కూడా వాళ్ళే చెబుతారట!" అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చదివి, "పోనీలెండి మేడమ్, గురువారం మధ్యాహ్నం రెండు గంటలు ఫ్యాను కింద కూర్చోవచ్చు," అంది.

మాది చిన్న ఆసుపత్రి. డాక్టర్ని నేనొక్కదాన్నే. రోజుకు ఎనభై మంది తగ్గరు. జ్వరం, బీపీ, షుగరు, పురుడు, పుండు అన్నీ నావే. మనసు బాగోలేదని వచ్చినవాళ్ళకు నిద్రమాత్రలో బలం మాత్రలో రాసి, "ఊరికే ఆలోచించకు," అని పంపడం నాకు తెలిసిన వైద్యం. తాగుడు అలవాటున్న వాళ్ళకైతే పైన నాలుగు తిట్లు అదనం. ఇకమీదట ఈ రెండింటికీ మాలాంటి ఆసుపత్రుల్లోనే సరైన వైద్యం చెయ్యాలని, అందుకు పన్నెండు వారాల శిక్షణ అని కాగితంలో ఉంది.

టీకాల గదిలో ఫ్రిజ్ పక్కన కంప్యూటర్ పెట్టారు. తెర మీద పదహారు గడులు, పదహారు మంది డాక్టర్లు. ఎవరి మొహం చూసినా నా మొహంలాగే ముడుచుకుని ఉంది. పాఠం చెప్పే మానసిక వైద్యురాలికి మా అమ్మాయి వయసు ఉంటుందేమో. మొదటి వారమే మమ్మల్ని ఇద్దరిద్దర్ని జతచేసి ఒకర్ని రోగిగా, ఒకర్ని డాక్టరుగా నటించమంది. నాకు రోగిగా దొరికిన పెద్దమనిషి "నిద్ర పట్టడం లేదండీ, మా ఆవిడ పోయాక..." అన్నాడో లేదో, "కాఫీలు ఎన్ని తాగుతారు?" అని అడిగేశాను. ఆ పిల్ల నెమ్మదిగా, "మేడమ్, వాళ్ళావిడ పోయిందంటున్నారు," అంది. మిగిలిన గడులన్నీ ఘొల్లున నవ్వాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపమంతా ఇంటికి వెళ్ళి మా ఆయన మీద తీర్చుకున్నాను.

అయినా మర్నాడు మోకాళ్ళ నొప్పులని వచ్చిన ఒక పెద్దావిడ ముందు పట్టుదలకు పోయి నోరు మూసుకుని కూర్చున్నాను. ఆవిడ మోకాళ్ళ గురించి రెండు ముక్కలు చెప్పి, ఆగి, పిల్లల్ని నిద్రలేపాల్సిన అవసరం లేని ఇంట్లో తనకు లేవాలనే అనిపించడం లేదని చెప్పింది. ఆవిడ నా దగ్గరికి తొమ్మిదేళ్ళుగా వస్తోంది. తొమ్మిదేళ్ళూ నేను మోకాళ్ళకే మందు రాశాను. ఆ సంగతి తరగతిలో చెప్పలేదు, సిగ్గేసింది.

ఐదో వారం ఇంటిపని ఇచ్చారు. తాగుడు గురించి పది ప్రశ్నలున్న ఫారం. ఎన్నాళ్ళకోసారి తాగుతారు, ఎంత తాగుతారు, పొద్దున లేవగానే కావాలనిపిస్తుందా, ఇలాంటివి. జవాబును బట్టి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. ముందు ఆసుపత్రి సిబ్బందితో మొదలుపెట్టి, తరువాత వచ్చే రోగులందరినీ అడగాలి. "ఏకాంతంగా అడగండి," అని ఆ పిల్ల చెప్పే ఉంటుంది. నేను అప్పుడు ఫోను చూసుకుంటున్నాను.

రోగుల పని సిస్టర్‌కి అప్పగించాను. ఆవిడ మనసు వెన్న, గొంతు మాత్రం మైకు. వరండాలో వరుస పొడుగునా నడుస్తూ, అత్తల ముందు కోడళ్ళనీ, అల్లుళ్ళ ముందు మామలనీ, "తాగుతావా నాయనా? లేదా? పొద్దున్నే కావాలనిపిస్తుందా? లేదు కదా. సున్నా! తర్వాత ఎవరు?" అంటూ అడిగేసింది. వారంలో రెండు వందల నలభై ఫారాలు అయ్యాయి. అన్నింటిలోనూ సున్నాలే.

సిబ్బందిని మాత్రం నేనే అడిగాను. ల్యాబు అబ్బాయిని, మందులిచ్చే ఆయన్ని, ఊడ్చే ఆవిణ్ణి, సిస్టర్‌ని. ఇక మిగిలింది పైలట్.

పైలట్ అంటే మా అంబులెన్సు డ్రైవరు. పందొమ్మిదేళ్ళుగా ఆ బండి తోలుతున్నాడు. దారిలో గుంత వచ్చే ముందు, "గట్టిగా పట్టుకోండి అక్కా!" అని వెనక పురిటి నొప్పుల్లో ఉన్న మనిషికి కేక వేసి మరీ చెప్పే డ్రైవరును నేను ఇంకెక్కడా చూడలేదు. మా ఆయనకు గుండెనొప్పి వచ్చిన రోజు పెద్దాసుపత్రికి చేర్చి, ఆపరేషన్ గది బయట నా పక్కనే నేల మీద కూర్చున్నది అతనే. ఒక్క మాట మాట్లాడలేదు, లేచి వెళ్ళలేదు. నాకు తమ్ముడు లేడు. ఉంటే అలా ఉండేవాడేమో అనుకున్నాను.

అతని దగ్గర మూడేళ్ళుగా పొద్దున్నే వాసన వస్తోంది. యాలకులు నములుతాడు, కానీ ఆ వాసన యాలకులకు లొంగేది కాదు. బండి ఎప్పుడూ ఎక్కడా తగిలించలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అతను బండి తోలడానికి తగినవాడేనని ఏటా సర్టిఫికెట్ ఇచ్చేది నేనే. మూడేళ్ళూ ఊపిరి బిగబట్టుకుని సంతకం పెట్టాను. ఇప్పుడు ఈ ఫారం పట్టుకుని అడిగితే అతను నిజం చెప్పవచ్చు. చెబితే అతని ఉద్యోగం, నా సంతకం రెండూ బజార్న పడతాయి. అందుకని అతను బండి కడుగుతున్నప్పుడు నా గదిలో కూర్చుని, అతని పేరు రాసి, పది ప్రశ్నలకూ పది సున్నాలు నేనే వేశాను. పెన్ను ఎక్కడా ఆగలేదు.

ఆరో వారం నా కట్ట చూపించి, గర్వంగానే లెక్క చెప్పాను. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, "మేడమ్, మీ ఊళ్ళో మద్యం దుకాణాలు ఎన్ని?" అని అడిగింది. "మూడు," అన్నాను. "పాపం, వాళ్ళు ఎలా బతుకుతున్నారో!" అంది. ఈసారి నాకూ నవ్వొచ్చింది. తలుపు వేసి, ఒక్కొక్కరినీ విడిగా, తిట్టకుండా మళ్ళీ అడగమంది. ఆ మాట అంటున్నప్పుడు నన్నే చూసినట్టనిపించి, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. తరువాత ఇంకో సంగతి చెప్పింది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, రెండో రోజు మూడో రోజుల్లో ఫిట్స్ వస్తాయి, ప్రాణాలే పోవచ్చు. "వాసన వచ్చే రోజుకన్నా, ఉన్నట్టుండి వాసన రాని రోజు భయపడండి," అంది. నేను నోట్సులో రాసుకున్నాను. సోమవారం పైలట్‌ని అడగాలని కూడా అనుకున్నాను.

సోమవారం అడగలేదు. పై ఆఫీసుకు టపా వెళ్ళాలి, మళ్ళీ అడగని పాత ఫారాల కట్టే అందులో పడేశాను. టపా పట్టుకెళ్ళేది పైలటే.

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఒక గర్భిణిని పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చింది. తొలి కాన్పు, నొప్పులు ఇంకా మొదట్లోనే ఉన్నాయి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. స్ట్రెచరు బండిలోకి ఎక్కించి నేను ముందుకు వచ్చేసరికి పైలట్ తాళంచెవి పెట్టడానికి తంటాలు పడుతున్నాడు. అది కన్నం చుట్టూ తిరుగుతోందే గాని లోపలికి పోవడం లేదు. ఇంకా ఎండ కూడా ఎక్కలేదు, చొక్కా వీపంతా తడిసిపోయింది. సిస్టర్ నా చెవి దగ్గరకు వచ్చి, తన మట్టుకు గుసగుసే అనుకుని, "ఇవాళ వాసన కూడా లేదు మేడమ్, నిన్నా లేదు. బాగుపడ్డట్టున్నాడు, పంపించెయ్యండి," అంది.

చెయ్యి చాపి, "పైలట్, తాళాలు ఇలా ఇవ్వు," అన్నాను. అతను నా వంక చూశాడు. పందొమ్మిదేళ్ళలో అతని చేతిలోంచి తాళాలు ఎవరూ అడగలేదు.

పక్క ఆసుపత్రికి ఫోను చేస్తే ఇరవై నిమిషాల్లో వాళ్ళ బండి వచ్చింది. ఆ అమ్మాయిని సిస్టర్‌తో పంపించాను. ఆ ఇరవై నిమిషాలూ నేను పడ్డ నరకం పగవాళ్ళకు కూడా వద్దు. మధ్యాహ్నానికి తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చింది.

పైలట్‌ని లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టి తలుపు వేశాను. నాడి నూటఇరవై దాటింది. బల్ల అవతల కాకుండా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"చివరిసారి ఎప్పుడు తాగావు?"

"నేను తాగను మేడమ్. ఫారంలో రాసుంది కదా."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. అతను నిజంగా ఆ కాగితాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఆ ఫారం నేను నింపాను. నిన్ను అడగకుండా నింపాను. ఇప్పుడు అడుగుతున్నాను. తిట్టను."

నాలుకదాకా వచ్చిన మాటలను నాలుగుసార్లు మింగాను. చివరికి, "సోమవారం మధ్యాహ్నం," అన్నాడు. రోజుకు ఎంతో అడిగితే చెప్పాడు. నేను ఊహించినదానికి రెండింతలు. ఉన్నట్టుండి ఎందుకు మానేశావని అడిగాను.

"ఆఫీసులో గుమాస్తా కట్ట విప్పి ఫారాలు లెక్కపెట్టమన్నాడు. నాది పైనే ఉంది. మీ చేతిరాత నాకు తెలీదా? అన్నీ సున్నాలే. నన్ను అడక్కుండానే వేశారంటే, మేడమ్‌కి నా మీద ఎంత నమ్మకమో అనుకున్నాను. ఆ నమ్మకం నిలబెట్టుకోవాలనిపించింది. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు." పళ్ళు కొట్టుకుంటున్నాయి. "మానడం ఇంత కష్టమని తెలీదు మేడమ్."

నేను లేచి పని చూసుకున్నాను. ముందు విటమిన్ ఇంజెక్షను, వణుకు తగ్గడానికి మాత్ర, ఆ తరువాత సెలైన్. పాఠంలో చెప్పిన వరుసలోనే. ఆ పిల్లకు ఫోను చేసి అంతా సరిగ్గా ఉందా అని అడిగాను. ఆమె వరుసగా నాలుగు ప్రశ్నలు వేసి, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో చెప్పి, "సరైన టైముకి పట్టుకున్నారు మేడమ్," అంది. ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా గుచ్చుకుంది.

పదకొండున్నరకు వణుకు కాస్త నెమ్మదించింది. ఇక్కడితో ఊరుకోవచ్చు. అతనికి నేను దేవతను, నాకు అతను ప్రాణాలతో దక్కాడు. ఎవరూ అడిగేవాళ్ళు లేరు. కానీ నా నమ్మకం కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి ముందు ఆ నమ్మకమే అబద్ధమని చెప్పకుండా కూర్చోవడం నావల్ల కాలేదు.

"నాకు తెలుసు, పైలట్," అన్నాను. "మూడేళ్ళుగా తెలుసు. నమ్మి వెయ్యలేదు ఆ సున్నాలు. అడగడానికి భయపడి వేశాను. నువ్వు నిజం చెబితే సర్టిఫికెట్ మీద నా సంతకం ఏమవుతుందోనని."

సెలైన్ చుక్కలు పడుతున్నాయి. పైకప్పు వంక చూస్తూ, "నా ఉద్యోగం పోతుందా?" అన్నాడు.

"తెలీదు. వైద్యం అయ్యేదాకా నువ్వు బండి తోలకూడదు. ఆ సంగతి ఇవాళే రాస్తాను. తెలిసి కూడా సంతకాలు చేశానని నా గురించీ రాస్తాను."

"మీకేమవుతుంది?"

"అదీ తెలీదు."

అతను గోడవైపు తిరిగాడు. కోపం వచ్చిందనుకున్నాను. వస్తే న్యాయమే. ఒక నాలుగు మాటలు అంటే బాగుండునని కూడా అనిపించింది.

"నేనే మిమ్మల్ని మోసం చేస్తున్నాననుకున్నాను మేడమ్ ఇన్నాళ్ళూ," అన్నాడు గోడతోనే. "రోజూ పొద్దున హాజరు పట్టీలో సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు, కాసేపు గుమ్మంలోనే నిలబడేవాణ్ణి. ఇవాళైనా అడుగుతారేమో, అడిగితే చెప్పేద్దామని."

నిలబడేవాడు. నాకు బాగా గుర్తుంది. "ఏం పైలట్, పని లేదా?" అని నేనే పంపించేసేదాన్ని.