చెయ్యి అడ్డం పెడితే ఆగే కిరణం

మెషిన్లకు బొట్టు పెట్టడం మీద నాకేమీ కోపం లేదు. హోసూరులో ఆయుధ పూజ రోజు లేతు మెషిన్‌కూ లారీకీ ఆఫీసు ప్రింటరుకూ కూడా పెడతారు. మా అంగట్లో త్రాసుకు మా నాన్న పెడతాడు. నాకు అసహ్యం పుట్టించింది ఈ ఏడు మా మెషిన్‌కు బొట్టు పెట్టిన తర్వాత జరిగిన తంతు.

మా ల్యాబులో ఉన్నది చిటికెనవేలి గోరంత చిప్పు. అందులో వందల సూపర్‌కండక్టర్ జంక్షన్లు. లిక్విడ్ నైట్రోజన్‌తో బాగా చల్లబరిచి కరెంటు ఇస్తే ఒక్కొక్కటీ కంపిస్తుంది. విడివిడిగా అయితే ఎందుకూ పనికిరావు. పలక డప్పులు వాయించేవాళ్ళందరి దెబ్బ ఒక్కసారే పడినట్టు అవన్నీ ఒకే లయలో పడితేనే కిరణం బయటికొస్తుంది. కంటికి కనబడని ఆ కిరణం అట్టపెట్టెలోంచి దూరిపోతుంది గానీ, తడి తగిలితే ఆగిపోతుంది; ఒంట్లోని తడి చాలు, చెయ్యి అడ్డం పెట్టినా ఆగుతుంది. ఎదురుగా పెట్టిన డిటెక్టరు దాన్ని పట్టుకుంటే స్క్రీన్ మీద గీత లేస్తుంది. ఆ జంక్షన్లను ఒక లయకు తేవడానికి నాకు మూడేళ్లు పట్టింది. పోయిన వారమే కుదిరింది. బయటి మనిషి ఒక్కరైనా కళ్ళారా చూసి నమ్మాలి, అంతే నా ఆశ.

చూడ్డానికి వచ్చింది బర్గూరు గ్రానైటు వ్యాపారి నాగేశప్ప. మా ల్యాబు ఆయన దయ మీదే నడుస్తుంది. వెంట వాళ్ళమ్మ మునిలక్ష్మమ్మ. మా డైరెక్టరు అమర్‌నాథ్ పూజ ఆమె చేతనే చేయించాడు. కిరణం బయటికొచ్చే చోట గుండ్రటి తెల్ల ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది, చూస్తే ముఖంలాగే ఉంటుంది. ఆమె ముచ్చటపడి దానికి మందంగా తడి గంధం మెత్తి, నడుమ కుంకుమ అద్దింది. స్క్రీన్ మీద గీత కుప్పకూలింది.

"సార్, తుడిచేస్తాను. ఒక్క నిమిషం," అన్నాను మెల్లగా.

"పెద్దామె పెట్టిన బొట్టు తుడుస్తావా? బుద్ధుందా నీకు?" అని గొణిగి అమర్‌నాథ్ కీబోర్డు తనవైపు లాక్కున్నాడు. పోయిన వారం రికార్డు చేసిన ఫైలు తెరిచి నడిపించాడు. గీత నిటారుగా లేచింది. "చూడండి సార్, లైవ్‌లో వస్తా ఉంది."

నాగేశప్ప చప్పట్లు కొట్టాడు. నిజంగా పనిచేసే మెషిన్‌ను పక్కన పెట్టుకొని అబద్ధం చూపించేవాణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు.

మునిలక్ష్మమ్మ నా వైపు తిరిగింది. "చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతుందని ఇందాక చెప్పినావు గదమ్మా. పెట్టి చూసేదా?"

నేను నోరు తెరిచేలోగా ఆమె కిటికీ ముందు చెయ్యి పెట్టేసింది. గీత కదల్లేదు. అందరూ స్క్రీన్ వైపూ ఆమె చేతి వైపూ మార్చి మార్చి చూశారు. ఇప్పుడు దొరికాడురా అనుకున్నాను.

అమర్‌నాథ్ చేతులు జోడించాడు. "అందరి చెయ్యికీ ఆగిపోతుందమ్మా. మీది దేవుడిచ్చిన చెయ్యి. దానికే దారి విడిచింది."

నాగేశప్ప తల్లిని చూసి మురిసిపోయాడు. నాతోపాటు రాత్రింబవళ్ళు పనిచేసిన వంశీ కూడా తల ఊపాడు. ఫిజిక్సు చదివిన తల అది. ఛీ అనిపించింది.

అందరూ భోజనాలకు కదిలారు. నేను మునిలక్ష్మమ్మను ఆపాను.

"ఒక్క నిమిషం ఉండవ్వా. నువ్వు చూసింది పాత రికార్డు. అసలుది నేను చూపిస్తాను."

చున్నీ కొంగుతో గంధం తుడిచేశాను. ఫైలు మూసి డిటెక్టరు కలిపాను. గీత లేచింది. జంక్షన్లన్నీ ఇంకా ఒకే లయలో ఉన్నాయి.

"ఇప్పుడు పెట్టవ్వా."

పెట్టింది. గీత అడుగుకు పడిపోయింది. చెయ్యి తీసింది, లేచింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. చూసింది, బయటి మనిషి చూసింది అని నా మనసు పొంగింది.

ఆమె అరచెయ్యి తిప్పి చూసుకుంది. ముఖం చిన్నబోయింది. చీర చెంగుకు ఆ చెయ్యి తుడుచుకుంటూ వాకిలి దాకా పోయి కొడుకును కేకేసింది.

"నాగేశా, ఆ సారును రమ్మనప్పా. ఈ పాప మెషిన్‌ని చెడగొట్టేసింది."