గౌరికి కొత్త తాడు

నెట్టికంటప్ప ఫోను చేశాడంటే గౌరి మళ్ళీ ఏదో కొరికేసిందని అర్థం. ఆ ఆదివారం కేశవ ఇంకా పళ్ళు కూడా తోమలేదు, ఫోను మోగింది.

"కేశవప్పా, మీ గుర్రం నా గేటు తింటాండాది. గడ్డి తినే గుర్రాలను చూసినా గానీ తలుపులు తినే గుర్రాన్ని ఈ జన్మలో చూడలేదప్పా!"

"వస్తాండా, వస్తాండా."

"సుమ్నే చేతులూపుకుంటా వస్తే చాలదు. ఏదో ఒకటి తీర్మానం చేసుకోని రా. ఉగాది దాటితే నా కొడుకు కొట్టంలో సగం తీసుకోని కార్లు కడిగే షాపు పెడతాండాడు. ఒక గుర్రానికే జాగా. రెండోది కావాలంటే మీ మిద్దె మీద కట్టేసుకో."

బ్రూస్‌పేటలో వాళ్ళ ఇంటి మిద్దె మీద బట్టలారేయడానికే చోటు లేదు. కేశవ ఫోను పెట్టేసి నిట్టూర్చాడు. వారమంతా తోరణగల్లులో స్టోర్సు పని, పొద్దున్నే కంపెనీ బస్సు, చీకటి పడ్డాక మళ్ళీ అదే బస్సు. మిగిలిన ఒక్క ఆదివారం గుర్రాల పేడకే పోతోంది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. ఆ పట్టా చేతికొచ్చిన రోజు నుంచి, ఎవరూ తేల్చుకోలేని ప్రతి పంచాయితీ అతని నెత్తినే పడుతోంది. "చదివినోడివి, నువ్వే చెప్పు" అంటారు. చెప్పాక ఎవరూ వినరు.

గుర్రాలు నాన్న రామసుబ్బావి. కెంచనగుడ్డలో వరిమళ్ళు చూసుకునే రోజుల్లో ఆయనకు సర్దారు అనే గుర్రం ఉండేది. కాలవ గట్టు మీద దానిపై తిరిగితే నీళ్ళు దొంగిలించేవాళ్ళు ముందే మడవ మూసేసేవాళ్ళట. మోకాళ్ళు అరిగిపోయాక పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశాడు. సర్దారును మాత్రం విడిచి రానన్నాడు. సిరుగుప్ప రోడ్డులో నెట్టికంటప్ప కొట్టంలో దానికి చోటు చూసింది కేశవే. అంతవరకు బాగానే ఉంది. ఆరు నెలలు తిరక్కముందే రామసుబ్బా జాత్రకని వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా ఒక ఎర్రటి ఆడగుర్రాన్ని కొనుక్కొచ్చాడు.

"ఎందుకు నాయనా రెండోది?" అని తల పట్టుకుంటే ఆయన తడుముకోకుండా జవాబిచ్చాడు.

"నేను ఊరిడిచి వస్తే నాకు మీరుండారు. దానికెవరుండారు?"

కేశవ ఆ గౌరినీ తీసుకెళ్ళి సర్దారు పక్కనే కట్టించాడు. అదే తప్పైంది. సర్దారు ముసలిది, ఎండలో కళ్ళు మూసుకుని నిలబడితే దానికి చాలు. గౌరి వయసులో ఉన్న గుర్రం. ఎక్కేవాళ్ళు లేరు, పరిగెత్తించేవాళ్ళు లేరు. కట్టేసిన చోటే నిలబడి నిలబడి, విసుగుపుట్టి కొయ్యలు కొరకడం నేర్చుకుంది. అమ్మేద్దామని ఎప్పుడడిగినా రామసుబ్బా "నీ ఇష్టం" అనేవాడు. నాన్న నీ ఇష్టం అన్నాడంటే నీకు ఇష్టం లేకుండా చేస్తాడని అర్థం.

ఇప్పటికే ఇద్దరు బేరగాళ్ళు వచ్చి వెళ్ళారు. మొదటివాడు హొసపేటలో పెళ్ళి ఊరేగింపుల బ్యాండు నడిపే ఆయన. ఆయన గౌరిని మెచ్చుకుని తల మీద చెయ్యి వేయబోతుంటే రామసుబ్బా అడ్డొచ్చాడు.

"మా ఇంట్లో ఒక పద్ధతి ఉండాదప్పా. పశువును అమ్ముతాం గానీ తాడు అమ్మం. తాడు పోతే కొట్టం లక్ష్మి పోతాది. నువ్వు కొత్త తాడు తెచ్చుకోవల్ల. ఆ తాడుతో అది ఇష్టంగా నడిచి రావల్ల. మూడుసార్లు మొరాయిస్తే బేరం లేదు. మా జేజి కాలం నుంచీ ఇంతే."

బ్యాండాయన కొత్త తాడు కొని తెచ్చి కట్టాడు. గౌరి నాలుగడుగులు వేసి, గిరుక్కున తిరిగి వచ్చి రామసుబ్బా నడుము దగ్గర మూతి పెట్టింది. మూడుసార్లూ అంతే.

"చూసినావా?" అన్నాడు రామసుబ్బా, దాని మెడ నిమురుతూ. "మనిషికి లేకపోయినా నోరులేని దానికి విశ్వాసముండాది."

రెండోసారి వచ్చిన రైసు మిల్లు ఆయన దగ్గరా అదే తంతు. ఆయన పోతూ పోతూ, "గుర్రాన్ని అమ్మేటట్లయితే ముందు మీ నాయనను ఒప్పించప్పా. నా పెట్రోలు సుమ్నే కాల్చినావు" అని కేశవనే తిట్టి వెళ్ళాడు.

ఆ ఆదివారం కేశవ మొహం కడుక్కుని వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ హనుమక్క ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"మళ్ళా బెల్లం అయిపోయింది చూడు. షుగరు మనిషి, దొంగతనంగా తింటాండాడు మీ నాయన. డాక్టరుతో నువ్వే చెప్పుకో."

కేశవ కోపంగా వెళ్ళి అడిగాడు. రామసుబ్బా తల వంచుకున్నాడు. "నోరు ఊరుకోలేదురా, ఏం చేస్తాం" అన్నాడు. ఇన్నేళ్ళలో నాన్న అంత తొందరగా తప్పు ఒప్పుకోవడం కేశవ చూడలేదు. అనుమానం అప్పుడే రావలసింది.

ఇద్దరూ ఆటో ఎక్కి కొట్టానికి వెళ్ళారు. నెట్టికంటప్ప, గౌరి కొరికిన గేటును ఊరందరికీ చూపించినట్టు చూపించాడు. గౌరి మాత్రం ఏమీ ఎరగనట్టు వచ్చి రామసుబ్బా నడుము దగ్గర వాసన చూసింది. పంచె దోపు దగ్గర గోధుమరంగు మరక. మరక మీద చీమలు.

కేశవ ఆ దోపులో చెయ్యి పెట్టి కరిగి జిగురైన బెల్లం ముద్ద బయటికి లాగాడు.

"నాయనా! గుర్రానికి లంచం ఇస్తాండావా?"

"లంచమేందిరా? బిడ్డను అత్తింటికి పంపేటప్పుడు ఒడిలో బెల్లం పెట్టరా?"

"పంపేదానికి పెడతారు నాయనా, పంపకుండా ఉండేదానికి కాదు! షుగరు మనిషివని పొద్దున నిన్ను అన్ని మాటలంటే నువ్వే తిన్నానని ఒప్పుకుంటివే!"

నెట్టికంటప్ప గేటుకు చేరగిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "విశ్వాసమంటే ఇదేనా రామసుబ్బప్పా? నాకూ ఒక ముద్ద ఇయ్యి, నేనూ యాడికీ పోను."

రామసుబ్బాకు నవ్వు రాలేదు. గౌరి నమిలిన కొయ్యను వేలితో తడిమి చూశాడు. తిరుగు ఆటోలో, ఇల్లు దగ్గరపడ్డాక అన్నాడు. "వచ్చే ఆదివారం బేరగాడు వస్తే నేను రాను. నువ్వే పో. తాడు మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టు. గౌరిని చెవుల దగ్గర మొరటుగా పట్టుకునేవానికి ఇయ్యద్దు."

సండూరు వైపు తోట ఉన్న జంబన్న తర్వాతి ఆదివారం వచ్చాడు. ఆయనకొక గుర్రం ఉందట, దానికి జోడు కావాలట. పసుపు రాసిన కొత్త తాడు తనే తెచ్చుకున్నాడు. తొందరపడలేదు. అరిచెయ్యి చాపి నిలబడి, గౌరి తనంతట తాను వాసన చూసేదాకా ఆగాడు. తర్వాత చెవుల వెనక మెల్లగా గీరాడు.

"ఒకసారి ఎక్కి చూడొచ్చా అప్పా?"

"ఎక్కు."

కొట్టం వెనక బయలులో జంబన్న దాన్ని ఎక్కి మొదట నడిపించాడు, తర్వాత పట్టు వదిలాడు. గౌరి పరిగెత్తింది. ఇన్నాళ్ళుగా దాని పేడ ఎత్తి, మేత వేసి, గేట్లకు మేకులు కొట్టిన కేశవ, అది పరిగెత్తడం ఎప్పుడూ చూడలేదు. తోక ఎత్తి, మెడ చాచి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళింది. ఇంత కాలం దీన్నా మనం కొయ్యకు కట్టేసింది అనుకుంటే అతనికి సిగ్గేసింది. నాన్న మీద కోపం కూడా వచ్చింది. తన మీద కూడా.

పాత తాడు విప్పాడు. జంబన్న కొత్త తాడు కట్టి ముందు నడిచాడు. గౌరి వెనకే నడిచింది. మూడడుగులు, పదడుగులు, పికప్పు బండి దగ్గరిదాకా. బండికి ఆనించిన పలక మీద టకటకమని ఎక్కేసింది. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

"గౌరీ!" అని కేశవ పిలిచాడు. పిలవకూడదని తెలుసు, నోరు ఆగలేదు.

దాని చెవి ఒకటి ఇటు తిరిగింది. తల తిరగలేదు. బండి వెళ్ళిపోయింది. లోపల సర్దారు ఒకసారి సకిలించి, గడ్డిలో మూతి పెట్టుకుంది.

ఒక్కసారి చూస్తే దాని సొమ్మేం పోయింది? ఇంటిదాకా కేశవ అదే అనుకుంటూ వచ్చాడు. నాన్న అడగబోయేది ఏమిటో అతనికి తెలుసు. చూసిందని అబద్ధం చెబితే, సోమవారం పొద్దునకల్లా సండూరు బస్సు ఎక్కి దాన్ని వెనక్కి తెమ్మంటాడు. చూడలేదంటే, విశ్వాసమని ఊరంతా చెప్పుకున్న మనిషి ఏమైపోతాడు?

రామసుబ్బా గడప మీదే కూర్చుని ఉన్నాడు. తాడు అందుకుని, చుట్టలు చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నడిచినాదా?"

"నడిచినాది."

"వెనక్కి చూసినాదా?"

కేశవ వంగి చెప్పులు విప్పాడు.

"లేదు నాయనా. పిలిచినా చూడలేదు."

రామసుబ్బా తాడు ముడిని బొటనవేలితో రుద్దాడు. తల ఊపాడు.

"మంచిదే. వెనక్కి చూసే గుర్రం పోయినచోట మేత ముట్టదు. సర్దారు అట్లనే చేసినాడు, ఈడికి వచ్చిన కొత్తలో. నేనూ అంతే అనుకో." తాడు పట్టుకుని లేచి, గోడ మేకుకు తగిలించాడు. "ఇది తింటాదిలే."

ఇక నెట్టికంటప్ప ఫోను రాదనుకుంటూ కేశవ గడప పక్కనే కూర్చున్నాడు. వచ్చే ఆదివారం పొద్దెక్కేదాకా నిద్రపోవచ్చు. గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"కేశవా."

"ఏంది నాయనా?"

"సర్దారు మళ్ళా ఒంటిగాడు అయినాడు కదా. పెద్దది వద్దులే. ఒక మేకపిల్లను తెచ్చి పక్కన కట్టేస్తే…"

"నాయనా!"

"మేకకు పెద్ద జాగా ఏం కావాలిరా? నీ ఇష్టం, నేనేం బలవంతం చేయను."

వంటింట్లోంచి హనుమక్క గొంతు వినిపించింది. "మేకకు బెల్లం పెట్టేదానికి మాత్రం నా డబ్బా ముట్టద్దని చెప్పు!"