మూడు చుక్కల చిలుక

నేను ఒక అద్దకం అచ్చును. జానెడు టేకు చెక్క మీద చెక్కిన చిలుక గీతను. గీతను మాత్రమే. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే చూసినవాళ్లంతా నన్నే చిలుక అనుకున్నారు.

పెడనలో పోలాచారి మమ్మల్ని ఐదుగురిని ఒకే దుంగ నుంచి చెక్కాడు. నల్ల గీత నాది. మిగతా నలుగురు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం నింపుతారు. వాళ్ల మీద బొమ్మ ఉండదు. ఒకటి చిక్కుడు గింజలా ఉంటుంది, ఒకటి అరిగిన చెప్పులా. నా గీతల మధ్య వాళ్లు కూర్చుంటేనే రెక్క రెక్కవుతుంది, ముక్కు ముక్కు అవుతుంది. మేం ఒక జట్టని తెలియడానికి పోలాచారి ఐదుగురికీ చెక్క పక్క అంచున మూడేసి చుక్కలు పొడిచాడు.

మేస్త్రి భావనారాయణ మమ్మల్ని ముప్పై ఎనిమిదేళ్లు వాడాడు. బల్ల మీద గుడ్డ పరిచి, నన్ను నలుపులో అద్ది, వీపు మీద పిడికిలితో ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ తర్వాత మిగతావాళ్ల వంతు. పిల్లలిద్దరినీ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. రంగు చేతులు తనతోనే ఆగిపోవాలన్నాడు. కాబట్టి చుక్కల సంగతి వాళ్లకు తెలియదు. చేతులు వణకడం మొదలయ్యాక తక్కిన అచ్చులన్నీ తోటివాళ్లకు ఇచ్చేసి, మా ఐదుగురినే ఉంచుకున్నాడు.

ఆయన పోయిన మూడో నెలలో అద్దె షెడ్డు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. కొడుకు మార్కండేయులు అన్నీ ఒకేసారి పాతసామాన్ల బండికెత్తిద్దామన్నాడు. కూతురు సుభాషిణి ఒప్పుకోలేదు. ఆవిడ లెక్కల టీచరు. తెలిసినవాళ్లకు చూపించకుండా ఏదీ బయటికి పోకూడదంది. రేడియోను మెకానిక్కుకు చూపించి, ఇక మోగదన్నాకే పారేసింది. రంగు కాచే రాగి గంగాళాన్ని కంచరి చేత తట్టించి చూసింది. నాన్న చిలుక ఎక్కడో ఒకచోట గుడ్డ మీద పడుతూనే ఉండాలని ఆవిడ కోరిక. అందుకే బందరులో అద్దకం నేర్పే కేంద్రానికి ఇద్దామనుకుంది. పనికొస్తుందో రాదో అక్కడి రాజ్యలక్ష్మిగారు చూసి చెప్పాలి.

ఇంత జాగ్రత్త గల మనిషి ఏం చేసిందో వినండి. మమ్మల్ని బుట్టలోంచి తీసి, నన్ను పమిట చెంగుతో తుడిచింది. ఎరుపును అటూ ఇటూ తిప్పి అన్నకు చూపించింది.

"ఇదేంటన్నయ్యా, మొద్దులా ఉంది?"

"బల్ల కాలు కింద ఎత్తు పెట్టుకున్నాడేమోలే. పొయ్యిలోకి పనికొస్తయ్."

ఆ నలుగురినీ గోనెసంచిలో వేసి, తనే మూతి కట్టి గుమ్మం పక్కన పెట్టింది. ఎరుపును సంచిలో వేసేటప్పుడు దాని చుక్కలు ఆవిడ బొటనవేలి కిందే ఉన్నాయి. నాకు నోరుంటే పెడన అంతా వినపడేలా అరిచేదాన్ని.

మర్నాడు నన్ను పేపర్లో చుట్టుకుని బందరు బస్సెక్కింది. రాజ్యలక్ష్మిగారు కళ్లజోడు పెట్టుకుంది గానీ నా ముఖం చూడలేదు. నన్ను పక్కకు తిప్పింది. ఇన్నాళ్లకు ఒక మనిషి చూడాల్సిన చోట చూసింది.

"మూడు చుక్కలున్నాయే. ఇదే గుర్తున్నవి ఇంకో నాలుగుండాలమ్మా. ఏవీ?"

"నాలుగేంటండీ?"

ఆమె ఓపికగా వివరించింది. ఐదూ తెస్తే రేపటి నుంచే పిల్లల చేత వేయిస్తామంది. ఇదొక్కటే అయితే గోడకు తగిలించుకుంటామంది. సుభాషిణి అక్కడి నుంచే అన్నకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, గుమ్మంలో గోనెసంచి ఉందా?"

"ఇడ్లీ కొట్టుకి పొద్దున్నే ఇచ్చేశా. నువ్వేగా మూటకట్టి పెట్టింది."

బస్సు కోసం ఆగకుండా ఆటో ఎక్కింది. ఆవిడ సంచిలో నేను. కొట్టు దగ్గర పొయ్యి ఇంకా వేడిగానే ఉంది.

"మంచి టేకు మేడంగారూ," అన్నాడు కొట్టతను. "రెండు వాయిలు దాంతోనే దించా."

ఆవిడ పుల్ల తీసుకుని బూడిద కదిపి చూసింది. ఏమీ దొరకలేదు.

వారం తర్వాత నన్ను బందరు కేంద్రానికే ఇచ్చింది. గోడకు మేకు కొట్టబోతుంటే, ఒక్కసారి వేసి చూపించమంది. రాజ్యలక్ష్మిగారు తెల్లగుడ్డ పరిచి నా వీపు మీద పిడికిలితో కొట్టింది. నన్ను పైకెత్తాక, గుడ్డ మీద ఎర్ర ముక్కు ఉండాల్సిన చోట సుభాషిణి వేలు పెట్టి, తియ్యకుండా నిలబడింది.

నేనూ చూశాను. అన్నేళ్లూ నా వెనకే ఎవరో ఒకరు వచ్చి నింపేవారు. గీతకూ గీతకూ మధ్య అంత చోటుంటుందని నాకూ అప్పుడే తెలిసింది.