మూత తియ్యని సీసా

రెండో ముద్దకే అన్నం ఛాతీలో అడ్డం పడింది. బాలలక్ష్మి కౌంటరు అంచు పట్టుకొని వంగిపోయింది. అంత బాధలోనూ పక్కనున్న పట్టుచీర మీద ఎంగిలి పడకుండా దాన్ని దూరంగా నెట్టింది. తనతోపాటు చీరలు చూపించే ఈరమ్మ వచ్చి వీపు నిమిరింది.

"రేపు దవాఖానకు పోదాం నడువక్కా. గిట్ల నాన్చితే ఎట్ల?"

బాలలక్ష్మికి దవాఖాన పేరెత్తితేనే భయం. భర్త పోచయ్యకూ ఇలాగే మొదలైంది. ముందు రొట్టె దిగలేదు, తర్వాత అన్నం, చివరికి గంజి. క్యాన్సర్ అన్నారు. ఆయన పోయాకే మగ్గం అమ్మి, పోచంపల్లి వదిలి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ చీరల దుకాణంలో చేరింది. ఎవరో నేసిన చీరలు మడతపెడుతుంటే ఆ ఇల్లే కళ్లముందు కదిలేది. మగ్గం గుంతలో ఆయన, గట్టు మీద తను, మధ్య జొన్నరొట్టె, పుంటికూర, చెంబు నిండా నీళ్లు. ఎన్ని చెంబులు తాగినా అడిగేవాళ్లు లేరు.

మర్నాడు చైతన్యపురిలో డాక్టరు కెమెరా గొట్టం గొంతులోకి దించాడు. ఆమె కళ్లు మూసుకొని, "వస్తున్న" అని పోచయ్యకు మనసులోనే చెప్పింది.

గొట్టం తీశాక డాక్టరు క్యాన్సర్ లక్షణాలేవీ లేవన్నాడు. మాత్ర లోపల అతుక్కొని పుండు చేసిందట. వారానికోసారి పొద్దున్నే వేసుకునే ఎముకల మాత్ర ఎలా మింగుతున్నావని అడిగాడు.

"ఉత్తగనే సార్. నీళ్లు తాగ."

ఎందుకు తాగవని ఆయన అడిగాడు. మగ డాక్టరుకు ఆ సంగతి చెప్పలేకపోయింది.

ఇన్నాళ్లూ దుకాణంలోని ఆడవాళ్లు బస్ డిపోలో బాత్రూముకు వెళ్లేవారు. తెలంగాణ కోసం జరుగుతున్న సకలజనుల సమ్మెతో బస్సులు ఆగాయి, డిపో గేటు మూతపడింది. దుకాణం పైఅంతస్తులో బాత్రూం ఉంది గానీ, అది కొనడానికొచ్చే గిరాకీలకని ఓనరు సూర్యప్రభ తాళం వేసి ఉంచుతుంది. ఎల్బీనగర్ నుంచి నడిచొచ్చి సాయంత్రం దాకా నిలబడే బాలలక్ష్మి, పొద్దున లేచింది మొదలు నీళ్లు ముట్టడం మానేసింది.

దవాఖాన మెట్లు దిగుతుంటే, బతుకుతానన్న సంతోషం కన్నా ముందు, పోచయ్య ఇంకోసారి దూరమైనట్టనిపించింది.

దుకాణంలో అడుగుపెట్టగానే సూర్యప్రభ చల్లని నీళ్ల సీసా తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"మాత్రతోనే అయిందంట గదా, ఈరమ్మ చెప్పింది. ఇగ నీళ్లతోని ఏస్కో లక్ష్మక్కా."

బాలలక్ష్మి నిన్న సగంలో వదిలేసిన చీర మడత పూర్తిచేసింది. దాని అంచును వేళ్లతో ఒకసారి తడిమి, అరలో పెట్టింది. గడప దగ్గర చెప్పులేసుకొని ఆగింది.

"మాత్రది తప్పు కాదు మేడం. తాగిన నీళ్లకు యాడికి పోవాలె మేం? నా గొంతుకు అడ్డం పడ్డది మీరు పైనేసిన తాళం."

మళ్లీ వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. కౌంటరు మీద మూత తియ్యని సీసాకు చెమ్మ పట్టింది. ఒక్కో బొట్టే కిందికి జారుతోంది.