మేస్త్రీ డబ్బా

పిచ్చుకను ఐసు పెట్టె మీద నిలబెట్టారు.

"కళ్లారా చూడండి దీన్ని," అన్నాడు కాంట్రాక్టరు. "మాత్రల దొంగ! బీరువా తెరిచి డబ్బాలో చెయ్యి పెట్టింది."

రొయ్యలు వొలిచే ఆ షెడ్డులో మిగిలిన ముప్ఫై తొమ్మిది మంది ఆడవాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరి చేతుల్లోంచి కారిన ఐసు నీళ్లు వాళ్ల కాళ్ల దగ్గరే మడుగు కడుతున్నాయి. పొట్టు వొలిచేటప్పుడు ఆమె వేళ్లు పిచ్చుక ముక్కులా ఆడతాయని ఆ పేరు పెట్టింది వాళ్లే. ఇప్పుడు ఆ వేళ్లు దాచుకోవడానికి ఆమెకు చోటు దొరకడం లేదు.

"అది పడకపోతే వణుకొస్తోందయ్యా," అంది మెల్లగా. "ఏదో జబ్బేమో."

"జబ్బు పిలవకుండా వస్తుంది. దీన్ని నువ్వు కోరి తెచ్చుకున్నావు. జబ్బు కాదే ఇది, నీ బుద్ధి!"

గుమస్తా కాగితం చదివాడు. ఈ వ్యసనపరురాలితో మేం పనిచేయలేం అని అందులో ఉంది. ఇంకు ప్యాడు పట్టుకుని వరస వెంట నడిచాడు. పొద్దుటినుంచి నీళ్లలో నానిన బొటనవేళ్లు. ఒక్కదాని గీతలూ తెలియలేదు. "మచ్చ పడింది, చాల్లే," అన్నాడు. ఏడేళ్లుగా పక్కనే కూర్చున్న, తను అక్కా అని పిలిచే ఆమె కూడా వేలిముద్ర వేసింది. వేసి, వేలు ఆప్రానుకు తుడుచుకుంది. పిచ్చుక అది చూసింది.

"నేటినుంచి డబ్బా బందు," అన్నాడు కాంట్రాక్టరు. "మిగిలినవాళ్లంతా బుద్ధిమంతులే కదా!"

ఆమెది ఒంటి గది. భర్త పోయాక ఆ గదిలో మాట వినబడలేదు. మాటలూ, ఎకసెక్కాలూ, ఒకరి కష్టం ఒకరు చెప్పుకోవడమూ అన్నీ షెడ్డులోనే. పొడుగాటి రేకుబల్ల దగ్గర తనకున్న రెండు జానల చోటే ఆమె లోకం. ఇప్పుడు అదీ పోయింది.

మంచినీళ్ల గ్లాసు మూడుసార్లు చేజారింది. నాలుగోసారి నేలమీదే ఉంచి, వంగి తాగింది.

ఎలా మొదలైందో తలుచుకుంది. చేరిన కొత్తలో ఐసు నీళ్లకు వేళ్లు ఊడిపోతాయేమో అన్నంత నొప్పి. రోజూ పని మొదలయ్యే ముందు మేస్త్రీ డబ్బాతో వచ్చేవాడు. అందరి చేతులకూ నిన్నటి తడి ఆరని గుడ్డ తొడుగులు. మాత్ర పట్టుకోవడం కుదరదు. "ఊఁ, నోరు తెరువు," అనేవాడు. గూట్లో పిల్లల్లా నలభై నోళ్లు తెరుచుకునేవి. నాలుక మీద పెట్టి ముందుకు పోయేవాడు. నొప్పి మాయమయ్యేది. కొన్నాళ్లకు మధ్యాహ్నం కూడా తెచ్చాడు. ఆప్రాను ఎలాగో ఇదీ అలాగే, పనిలో ఒక భాగం అనుకున్నారు.

సెలవునాడు తల పగిలిపోయేది. అది తనకొక్కదానికే అనుకుంది. ఎవరినైనా అడగాలంటే సిగ్గు.

సెలవునాటికని బీరువాలోంచి తీసిన రెండే, తన చేత్తో తాను ముట్టిన మొదటి మాత్రలు. అవీ నోటిదాకా రాలేదు.

"తప్పు నాదే," అంది పైకి. గోడ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

మూడోనాటి మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అక్క. ఆప్రాను విప్పకుండానే వచ్చింది. చేతులు దాని కింద దాచుకుంది.

"వేలు తుడుచుకుని పోయావుగా. మళ్లీ ఎందుకొచ్చావ్?"

అక్క ఆప్రాను ఎత్తింది. చేతులు బయటికి తీసింది. రెండూ గడగడ వణుకుతున్నాయి. కట్టుగుడ్డల్లోంచి నెత్తురు కనిపిస్తోంది.

"కత్తి నిలవడం లేదే. ఎవరికివారు దాచుకుంటున్నాం, చలి అంటూ. ఇవాళ మన పెద్దమ్మ, అంత వయసు మనిషి, టబ్బు జారవిడిచింది. మేస్త్రీ తిడితే, 'నాకు వణుకుతోందిరా' అని పెద్దగా అరిచేసింది. ఆ మాటతో పక్కామె ఏడ్చింది. ఆ తర్వాత అందరూ."

"అందరికీనా?"

"అందరికీ. ఒకామె మాత్రం, 'నా మనసు గట్టిది, ఇట్టే మానేస్తా' అంది. అంటూనే వాంతి చేసుకుంది." అక్క నవ్వబోయి ఏడ్చింది. "ఏడేళ్లు మోచెయ్యి మోచెయ్యి రాసుకుంటూ కూర్చున్నాం. ఒక్కరోజు అడిగానా నిన్ను? రేపు రావే."

మర్నాడు పొద్దున్నే గేటు ముందు నలభై మంది. ముందు పెద్దమ్మ, పక్కన పిచ్చుక.

"దొంగను వెంటబెట్టుకొచ్చారా?" అన్నాడు కాంట్రాక్టరు. "మీ నోట్లో ఎవరైనా బలవంతాన కుక్కారా? మింగింది మీరు కాదూ?"

"మింగింది మేమే," అంది పిచ్చుక. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నేను దొంగతనానికి చెయ్యి పెట్టిందీ నిజమే. మరి మేస్త్రీని అడగండి. ఏడేళ్లలో ఒక్కనాడైనా మాత్ర మా చేతికిచ్చాడా? ఇదేంటో చెప్పాడా?"

మేస్త్రీ కాంట్రాక్టరు వెనక్కి జరిగాడు.

"డాక్టరు రావాలి," అంది పెద్దమ్మ. "ఎంత ఇవ్వాలో, ఎలా మాన్పించాలో ఆయన చెప్పాలి. టబ్బు పక్కన వేణ్నీళ్లుండాలి. ఈ పిల్ల చోటు ఈ పిల్లకివ్వాలి. మా వేలిముద్రలు మాకిచ్చెయ్యి."

"పోలీసులొస్తారు! ఇప్పుడే కబురు పంపుతున్నా."

"రానీ. మా చేతులు వాళ్లకూ చూపిస్తాం."

లోపలికి పోయి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. అక్క జరిగి రెండు జానలు వదిలింది. కత్తి ఎవరూ ముట్టలేదు. ఎనభై చేతులు బల్ల మీద పెట్టారు. రేకు సన్నగా గలగలలాడసాగింది. బయట సరుకు లారీ హారన్ కొడుతోంది. టబ్బుల్లో ఐసు కరుగుతోంది.

కాంట్రాక్టరు ముఖం మారింది. బీరువా తాళాలు మేస్త్రీ మీదికి విసిరాడు. గొంతులో తేనె పోసుకున్నాడు. "సరేనమ్మా, పట్టింపులెందుకు? డబ్బా తెప్పిస్తున్నా. ఒకటి కాదు, రెండేసి వేసుకోండి. లేచి పని చూడండి."

మేస్త్రీ వరస మొదట్లో ఆగాడు. "నోరు తెరువు."

పెద్దమ్మ తెరవలేదు. తర్వాతామె తెరవలేదు. మనసు గట్టిదన్నామె కళ్లు మూసుకుంది, పెదవులు కొరుక్కుంది, తెరవలేదు.

మేస్త్రీ పిచ్చుక దగ్గరికి వచ్చాడు. తెల్లటి మాత్ర పెదవులకు తగిలింది. చేదు వాసన. ఒళ్లంతా ఒక్క నోరై అటు లాగింది. ఇదే తన గదిలో అయితే తెరిచేసేదే, ఆ సంగతి ఆమెకు తెలుసు. బల్ల మీద అక్క చెయ్యి పాక్కుంటూ వచ్చి ఆమె చేతి మీద పడింది. అదీ వణుకుతోంది, ఇదీ వణుకుతోంది.

పిచ్చుక పళ్లు బిగించింది.

గేటు దగ్గర పోలీసు బండి ఆగిన చప్పుడు వినబడింది. ఎవరూ లేవలేదు. మేస్త్రీ చేతిలో మాత్ర తడికి కరిగి, అతని వేళ్లకే అంటుకుంది.