లోపల రెండు వేళ్ళు

ఆ మహానగరంలో దిగిన మొదటి గంటలోనే కాజాలమ్మకు ఊరు నచ్చేసింది. ఆకాశాన్నంటే అద్దాల మేడలు చూసి కాదు, నేల కింద పరుగెత్తే రైళ్ళు చూసీ కాదు. రైల్లో ఎదురుగా నిలబడ్డ పాతికమందిలో సగంమంది చొక్కాలకు కాలరు కుట్టు వంకర పోయి ఉంది.

"ఇంత పెద్ద ఊళ్ళో కూడా మనకు పనుంది వదినా" అంది తృప్తిగా.

"ఊరు చూడ్డానికొచ్చావే తల్లీ, జనం కుట్లు చూడ్డానికి కాదు" అంది వదిన.

వదినంటే భర్తకు స్వయానా అక్క. ముప్పై ఐదేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి ఈమధ్యే రిటైరైంది. తమ్ముణ్ణీ మరదల్నీ వెంటేసుకుని, ఓ తెలుగువాళ్ళ బృందంతో కలిసి నాలుగు రోజుల టూరుకు వచ్చింది. చూడాల్సినవి, తినాల్సినవి, కొనాల్సినవి అని మూడు చీటీలు రాసుకుని, రోగికి మందులు వేసినంత కచ్చితంగా వేళకు వేళ అమలు చేస్తోంది.

కాజాలమ్మ అసలు పేరు వాళ్ళ షాపుకొచ్చే వాళ్ళెవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా భర్త టైలరింగ్ షాపులో కాజాలు తీస్తూ, గుండీలు కుడుతూ, అంచులు మడుస్తూ ఆ పేరు సంపాదించుకుంది. భర్త కటింగ్ మాస్టరు. కటింగ్ బల్ల ఆయనది, పెద్ద కత్తెర ఆయనది, మెడలో వేలాడే టేపు ఆయనది. విమానం ఎక్కేటప్పుడు కూడా ఆ టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు గానీ ఇంట్లో వదల్లేదు. "నన్నూ ఆ బల్ల దగ్గర నిలబడనివ్వండి, నాకూ కత్తిరించడం వచ్చు" అని ఆమె అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అంటాడు. ఆ చూద్దాంకు ఇప్పుడు పదేళ్ళు. తిరిగి ఇల్లు చేరేలోగా ఆ నోటితోనే ఊఁ అనిపించాలని కాజాలమ్మ గట్టిగా అనుకుని మరీ బయల్దేరింది.

తనకు పని వచ్చా రాదా అన్న అనుమానం ఆమెకు ఏ కోశానా లేదు. ఏడేళ్ళుగా మాస్టరు ఒంటి మీది చొక్కాలు మాస్టరు కత్తిరించినవి కావు మరి. ఆయన తన పెళ్ళినాటి కొలతలు ఛాతీ ముప్పై ఎనిమిది, నడుం ముప్పై రెండు అని పద్యంలా అప్పజెబుతూ దర్జాగా కత్తిరించి భోజనానికి వెళ్ళేవాడు. ఆమె ఆ ముక్కలు పక్కన పడేసి, అదే తానులోంచి ఇంకాస్త గుడ్డ తీసి, ఆయన అసలు ఒంటికి సరిపడా మళ్ళీ కత్తిరించి కుట్టేసేది. ఆయన తొడుక్కుని అద్దం ముందు నిలబడి "చూశావా, ఒక్క అంగుళం మారలేదు" అని మీసం దువ్వుకునేవాడు. మొదట ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక చేసింది. తర్వాత అదే అలవాటైపోయింది. నోరు విప్పకపోవడం తన తప్పేనని తెలిసి ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

రెండోరోజు వదిన చీటీలో బట్టల బజారు వచ్చింది. ఏడంతస్తుల భవనం. ఒక అంతస్తు నిండా లేసులే, ఒక అంతస్తు నిండా గుండీలే. గుండీల అంతస్తులోంచి కాజాలమ్మను బయటికి లాగేసరికి వదినకు తాతలు దిగొచ్చారు. ఐదో అంతస్తులో రెండు రోజుల్లో కోటు కుట్టిచ్చే కొట్లు వరసగా ఉన్నాయి. వదిన ఒక కొట్టు ముందు ఆగింది.

"ఒరేయ్, ఆఖరి రోజు సాయంత్రం ఆ ఎత్తు టవరు మీద మన భోజనం. నా రిటైర్మెంటు ఫోటో అక్కడే తీయించుకుంటా. నువ్వు కోటేసుకుని నా పక్కన నిలబడాలి."

మాస్టరు లోపల ఎంత మురిసిపోయాడో కాజాలమ్మకు తెలుసు. నలభై ఏళ్ళుగా ఊరందరికీ కోట్లు కుట్టినవాడు, పెళ్ళికి తప్ప తనకంటూ ఒకటి కుట్టుకోలేదు. ముదురు నీలం గుడ్డ ఎంచుకున్నాడు. కొట్టతను ముసలాయన, బట్టతల, కళ్ళజోడుకు తాడు. టేపు పట్టుకుని దగ్గరికి రాబోతే మాస్టరు చెయ్యి అడ్డం పెట్టి, కాగితం తీసుకుని అంకెలు రాసిచ్చాడు. ముప్పై ఎనిమిదితో మొదలు.

"ఒక్కసారి కొలిపించుకోండి" అంది కాజాలమ్మ.

"నా ఒళ్ళు నాకు తెలీదా? టైలరుకు ఇంకో టైలరు కొలత తీయడమేంటి, నలుగురూ నవ్వుతారు."

ముసలాయన కాగితం చూశాడు. మాస్టరు పొట్ట చూశాడు. ఆ తర్వాత కాజాలమ్మ వంక చూశాడు. ఆమె భర్త వెనక నిలబడి, రెండు వేళ్ళు జోడించి తన నడుం పక్క కుట్టు మీద ఆనించి చూపించింది. లోపల మడతలో రెండు వేళ్ళ గుడ్డ వదలమని. ముసలాయన తల పంకించాడు. ఆ ఇద్దరిలో ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు.

మూడోరోజు పడవెక్కారు, పాత కోట చూశారు, సందుల్లో బండ్ల దగ్గర పొగలు కక్కే గిన్నెలు చేతిలో పట్టుకుని నిలబడే తిన్నారు. మాస్టరు ప్రతి బండి దగ్గరా ఇంకోటి అడిగాడు. "కోటు మర్చిపోకు" అని వదిన అంటే "నాకెంత తిన్నా ఒంటికి పట్టదక్కా" అన్నాడు. కాజాలమ్మ నవ్వు ఆపుకోలేక గిన్నెలోకి దగ్గింది.

నాలుగోరోజు మధ్యాహ్నం రెండింటికి కోటు చేతికొచ్చింది. తొడుక్కుంటే గుండీకీ కాజాకూ మధ్య మూడు వేళ్ళ దూరం. మాస్టరు పొట్ట లోపలికి లాగాడు. మొహం కందగడ్డయింది గానీ గుండీ మాత్రం చేరలేదు. కుడి భుజం దగ్గర గుడ్డ ఎత్తుగా ఉబ్బింది.

"తప్పు కుట్టాడే వీడు" అన్నాడు.

ముసలాయన, మాస్టరు స్వహస్తాలతో రాసిన కాగితం బల్ల మీద పెట్టి, కోటు విప్పించి, పక్కన టేపు పరిచాడు. అంకెకు అంకె సరిపోయింది.

"మరి నా చొక్కాలన్నీ ఇవే కొలతలు కదే" అన్నాడు మాస్టరు భార్యవైపు తిరిగి.

"కాదు. మీరు కత్తిరించినవి ఏడేళ్ళుగా పక్కన పడేస్తున్నా. మీరు భోజనానికి వెళ్ళాక నేనే మళ్ళీ కత్తిరిస్తున్నా. చెప్పకపోవడం నా తప్పే. ఇటివ్వండి."

ఆయన జేబులోంచి టేపు ఆమే లాక్కుంది. ఛాతీ చుట్టూ వేసింది. ఆయన ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి వదలండి."

వదల్లేదు. జీవితంలో ఎన్ని వందలమందికి ఆ మాట ఆయనే చెప్పాడో. చివరికి వదిలాడు. పొట్ట హాయిగా తన చోటుకు వచ్చింది.

"నలభై ఒకటిన్నర" అంది కాజాలమ్మ. "కుడి భుజం అరంగుళం దిగింది. నలభై ఏళ్ళు కత్తెర మీద వంగిన భుజం, దిగక ఏం చేస్తుంది?"

ఆ మాట ఆమె చాలా ప్రేమగా అంది. ఆయన నేల చూపులు చూశాడు.

కోటు తిరగేస్తే లోపల ప్రతి కుట్టు దగ్గరా రెండేసి వేళ్ళ గుడ్డ క్షేమంగా ఉంది. పక్కలు, వీపు విప్పి వదులు చేయవచ్చు. భుజం మాత్రం కత్తిరించాలి, కత్తిరించాక వెనక్కి తీసుకోలేం. ఆమె సుద్దతో గీత గీసింది. ముసలాయన తన పెద్ద కత్తెర తీశాడు. ఏ టైలరూ తన కత్తెర ఇంకొకరి చేతికివ్వడు, మాస్టరైతే పెళ్ళానికి కూడా ఇవ్వలేదు. ఆయన అలవాటుగా చెయ్యి చాచాడు. ముసలాయన ఆ చేతిని దాటించి, పిడి కాజాలమ్మ వైపు తిప్పి పట్టుకున్నాడు.

కాజాలమ్మ ఒక్క పట్టున కత్తిరించింది. తర్వాత ఆమె ఒక మిషను మీద, ముసలాయన ఇంకో మిషను మీద కూర్చున్నారు. మాస్టరు బల్ల పక్కన నిలబడి దారం అందించాడు.

సాయంత్రం టవరు మీద, ఊరంతా దీపాలు పరుచుకున్న అద్దం ముందు, కోటు ఆయన ఒంటికి అతికినట్టుంది. టూరులో వాళ్ళంతా మెచ్చుకున్నారు.

"ఎవరు కుట్టారండీ?" అని అడిగింది ఒకావిడ.

మాస్టరు కోటు అంచు సర్దుకున్నాడు. "ఇక్కడే... బజార్లో" అన్నాడు.

వదిన తమ్ముణ్ణి గుచ్చి చూసింది. కాజాలమ్మకు తింటున్నది సహించలేదు. ఫోటోలో నవ్వింది గానీ, బసకు వెళ్ళేటప్పుడు ఆయన్ని వదిలేసి వదిన పక్కన కూర్చుంది. ఆయన టేపు అడగలేదు, ఆమె ఇవ్వనూ లేదు.

మర్నాడు పొద్దున విమానాశ్రయంలో సంచులు సోదా చేసే చోట కాజాలమ్మ చేతిసంచి ఆపేశారు. ఆఫీసరు లోపల చెయ్యి పెట్టి, రెండు కొసలా ఇత్తడి ముక్కలున్న టేపు పైకి తీశాడు. అది ఎవరిదని సైగ చేశాడు. కాజాలమ్మ భర్తవైపు చూపించబోయింది. ఎంతైనా ఆయనదే కదా.

ఈలోగా మాస్టరు వరస తప్పించుకుని ముందుకొచ్చాడు. ఒంటి మీద అదే కోటు. ఆఫీసరుకు తెలుగు రాదన్న సంగతి కూడా పట్టించుకోకుండా, వెనక నిలబడ్డ టూరు జనమంతా వినేలా చెప్పాడు.

"ఆవిడదండీ. కటింగ్ మాస్టరు ఆవిడ. ఈ కోటు కూడా ఆవిడ చేతిదే."

ఆఫీసరు టేపు చుట్టి కాజాలమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని సంచిలో పెట్టలేదు. మెడలో వేసుకుని విమానం ఎక్కింది.