ఐలన్న కంటే ముందొచ్చే గొంతు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గోడ పక్కనున్న అక్కా, అక్కడికి నా మాట అందదు, ఇటు రా. పిల్లల్ని ఒళ్లో పెట్టుకోండి. వీరభద్రుడికి ఒక్క దండం పెట్టుకుని మొదలుపెడదాం.

ఔటర్ రింగు రోడ్డు ఇంకా పుట్టని రోజులవి. బొంతపల్లిలో ఐలన్న అని ఒకాయన ఉండేవాడు. పగలు మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర డ్యూటీ, సోమవారం వచ్చిందంటే వీరభద్రుడి గుళ్లో భజన. ఆయన గొంతెత్తితే తాళాలు వేసేవాళ్లు చేతులు ఆపి వినేవాళ్లు.

ఆ గొంతుకు ఒక అలవాటుంది. ఐలన్న కంటే ముందే ఇంటికి వచ్చేది. ఆయన కంపెనీ గేటు దగ్గర సైకిలు తాళం తీస్తుండగానే, ఇక్కడ వాకిట్లో "సోమీ, నీళ్లు కాగినయా?" అని వినబడేది.

"కాగినయి గని, కూరకు ఏమన్న తెస్తుండా, ఉత్త చేతులేనా?" అనేది భార్య సోమమ్మ.

"టమాటలు తెస్తుండు" అనేది గొంతు.

కాసేపటికి ఐలన్న వచ్చేవాడు, హ్యాండిలుకు టమాటల సంచి వేలాడుతూ. పక్కింటి ఇందిరమ్మ గోడ మీది నుంచి, "ఓ గొంతూ, తొవ్వల మా ఆయన గిట్ట కనబడ్డడా?" అని అడిగేది. "కల్లు కాంపౌండ్ల ఉండు" అని అది దాచకుండా చెప్పేది. ఆ రాత్రి ఇందిరమ్మ ఇంట్లో ఏం జరిగేదో మనకెందుకు!

ఒక ఎండాకాలం ఆ గొంతు ఆలస్యం చేయడం మొదలుపెట్టింది. మొదట ఐలన్నతో పాటే వచ్చింది. తర్వాత ఆయన వెనకాల, బొంగురుగా, కాళ్లీడ్చుకుంటూ వచ్చినట్టు వచ్చింది. బీడీల వేడి అనుకుని మిరియాల కషాయం తాగించారు. తగ్గలేదు. పటాన్‌చెరు డాక్టరు చూసి పట్నంలో పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. అక్కడ గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ అన్నారు.

ఆ దవాఖానలో ఒక పద్ధతుంది, వింటే చేతులెత్తి మొక్కబుద్ధవుతుంది. అక్కడ ఏ డాక్టరూ ఒక్కడే కూర్చుని తీర్పు చెప్పడు. కోసే డాక్టరు, రేడియేషన్ కరెంటు పెట్టే డాక్టరు, మందులెక్కించే డాక్టరు, స్కాను చదివే డాక్టరు, ముక్కను పరీక్షించిన డాక్టరు, అందరూ ఒక్క బల్ల చుట్టూ చేరాల్సిందే. మన జాతరలో అగ్గిగుండం పేర్చేవాడు వేరు, డప్పు కొట్టేవాడు వేరు, ఖడ్గం పట్టేవాడు వేరు. ఒక్కడు రాకున్నా అగ్గి తొక్కరు గదా, అట్లన్నమాట.

ఐలన్న వంతు వచ్చింది. మొగుడూ పెళ్లాం బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల పెద్ద సర్జను కామేశ్వరరావు గారు ముందుగా అన్నారు: "స్వరపేటిక మొత్తం తీసేద్దాం. ప్రాణానికి అదే భరోసా."

స్కాను చదివే డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి, "రోగం ఇంకా గొంతు దాటి బయటికి పాకలేదు సార్" అన్నాడు.

"అయితే కరెంటుతో గొంతు మిగిల్చొచ్చు సార్. తోడుగా మందు కూడా ఎక్కిద్దాం" అన్నది కరెంటు డాక్టరమ్మ తాహెరా.

"మిగిల్చొచ్చమ్మా. కానీ వారాల తరబడి రావాలి, బొంతపల్లి నుంచి బస్సులు మారి. నోరంతా పుండై మింగుడు పడని రోజులొస్తాయి. అప్పుడు సగంలో మానేసిన వాళ్లను మనం చూడలేదా? మానేస్తే గొంతూ దక్కదు, మనిషీ దక్కడు" అన్నారు కామేశ్వరరావు గారు.

ఇద్దరి మాటా నిజమే.

అప్పుడు తలుపు దగ్గర బొంగురుగా వినబడింది. "నమస్తే సార్లు. మనిషి బయట బెంచీ మీద ఉండు. నేను జెర ముందొచ్చిన."

మందుల డాక్టరు లేచి ఒక కుర్చీ జరిపాడు. "కూర్చో. ఏం చెప్తావు?" అని అడిగారు కామేశ్వరరావు గారు.

"నన్ను తీసెయ్యాలంటె తీసెయ్యుండ్రి సార్. ఆయన బతికితె సాలు. ఇన్నేండ్లు ఆ నోట్ల ఉన్న, గా మాత్రం చెయ్యనా? గని దినాం వస్తడా రాడా అన్నది నాకేమెరుక? ఆయనను అడుగుండ్రి. సోమిని అడుగుండ్రి."

అక్కడున్న నర్సు వాళ్లను పిలుచుకొస్తానని లేవబోతే కామేశ్వరరావు గారు వద్దన్నారు. తనే లేచారు, తన చేత్తో తలుపు తీశారు. "ఐలన్నా, నీ గురించే మాట్లాడుకుంటున్నాం. నువ్వు లేకుండా ఎట్లా? అమ్మా, నువ్వూ రా."

సోమమ్మ గుళ్లోకి వెళ్లినట్టు చెప్పులు బయట విడిచి వచ్చింది. ఐలన్న ఆ కుర్చీలోనే కూర్చున్నాడు, గొంతు మళ్లీ ఆయనలో చేరింది. రెండు దారులూ, రెండింటి కష్టమూ దాచకుండా చెప్పారు.

"బతకాలె సార్, పాడాలె గూడ. రెండు అడుగుడు అత్యాశనా?" అన్నాడు ఐలన్న.

"కాదు భాయీ. కానీ బొంతపల్లి నుంచి రోజూ వస్తావా?" అన్నది తాహెరా.

సోమమ్మ నోరు తెరిచింది. "బొంతపల్లికెళ్లి ఎందుకు మేడం? మా చెల్లె కౌసల్య రామచంద్రాపురంల ఉంటది. ఆన్నే ఉంటం. ఆడికెళ్లి ఒక్కటే బస్సు. రానంటె రెక్క పట్టి గుంజుకొస్త!"

అందరూ నవ్వారు. ఏ స్కానులో మాత్రం కౌసల్య ఇల్లు కనబడుతుంది చెప్పండి!

కామేశ్వరరావు గారు తాహెరా వైపు తిరిగి, "ముందు మీరు కానివ్వండి. రోగం లొంగకపోతే నేనున్నాను. చెకప్‌కు వచ్చినప్పుడల్లా నేనూ చూస్తాను" అన్నారు. కత్తి పట్టడంలో అంతటి ఆయన, చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా అంత బాగా ఎరిగినవాడు.

"ముందు పళ్ల డాక్టరుకు చూపించుకో" అన్నది తాహెరా.

"రోగం గొంతుకైతె పండ్లెందుకు మేడం?"

"కరెంటు పెట్టినంక పన్ను పీకితే దవడ మానదు. పుచ్చినవి ముందే తీసేయాలి."

మొదట్లో బాగానే సాగింది. తర్వాత గొంతు మండిపోయింది, గంజి కూడా దిగలేదు. ఒకనాడు పొద్దున కౌసల్య ఇంట్లో ఐలన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. సోమమ్మ బతిమాలింది, తిట్టింది. "బావా, మా ఇంట్ల ఉండి ఆగం చేసుకున్నడంటరు, నాకు మాట రానీయకు" అని కౌసల్య ఏడ్చింది. "పోండ్రి" అని అరవబోయి నోరు తెరిచాడు. చప్పుడే లేదు.

"అది పొద్దుగాలనే దవాఖానకు పోయింది" అన్నది సోమమ్మ. "గొంతు ఆడ, నువ్వు ఈడ. ఎన్ని దినాలుంటవు గిట్ల?"

అదే గడియకు అక్కడ తాహెరా గదిలో, ఊదితే ఆరిపోయేటంత సన్నగా ఒక మాట. "వస్తుండు మేడం. ఇంక బస్సెక్కలే. మిషన్ బంద్ పెట్టకుండ్రి."

"పర్వా లేదు, ఉంటాను" అని ఆమె వెనక వరుసలో వాళ్లను ముందు పిలిచింది.

ఐలన్న లేచాడు. తన గొంతును వెతుక్కుంటూ బస్సెక్కాడు. ఆ తర్వాత ఆఖరి దాకా ఒక్కనాడూ తప్పలేదు.

తర్వాతి జాతరకు వీరభద్రుడి ముందు పాడాడు. గొంతు వానకు తడిసిన డప్పులా కొంచెం మందంగా ఉంది. అయితేనేం, ఉంది. ఆయనా ఉన్నాడు.

ఇగ లేచి ఇండ్లకు పోతారు గదా, ఒక్క పని యాదిలో పెట్టుకోండి. అంత పెద్ద డాక్టరు తనే లేచి, తన చేత్తో తలుపు తీసి, ఎవరి బతుకు గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషిని లోపలికి పిలిచాడు. మీ ఇంట్లో బిడ్డ సంబంధం మాట్లాడుతున్నప్పుడు, ముసలవ్వ ఎవరి దగ్గరుండాలో తేలుస్తున్నప్పుడు, ఆ మనిషి గడప బయట ఉందేమో చూడండి. ఉంటే ఎవర్నో పంపకండి. మీరే లేవండి.